పొట్టి యావు కొలత

కొలతల విషయమున మన స్త్రీలను మోసగించుట యంత సులభమైన పని కాదు. మల్లెమొగ్గల దండను మూర వేయునపుడు పూలమ్మి మోచేతిని ఎంతవఱకు ముడిచినదో మనకు వీధిగుమ్మము నుండియే తెలియును. మా వీధికి ఇద్దఱు పూలమ్ములు వత్తురు. పొట్టిచేతుల యామె ముందుగా వచ్చినను, పొడుగుచేతుల యామె వచ్చువఱకు పూలు కొనక యాగు ఇల్లాండ్రు నలుగురైన నుందురు. శేరుతో బియ్యము కొలుచునపుడు గింజ రాశిగా నిలిచినదా, అంచువఱకు అఱచేతితో దిద్దివేసిరా యని చూడనివారు మనలో లేరు. అట్టి మన యిండ్లలోనికే ఇప్పుడొక క్రొత్త కొలత వచ్చినది. దానిని గూర్చి మేము కొంత తెలిసికొనవలసి వచ్చినది గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. అది ఆవు నెత్తు.

పుంగనూరు చిత్తూరు సీమలోని పాత జమీందారీ పట్టణము. దాని పేరనే పుంగనూరు జాతి యావులు ప్రసిద్ధికెక్కినవి. మూపురముగల పశువులలో లోకమునందు మిక్కిలి పొట్టివైన జాతులలో ఇది యొకటి. మూపు వద్ద 70 మొదలు 90 సెంటీమీటర్లు, అనగా 27½ అంగుళములు మొదలు 35½ అంగుళముల వఱకు ఎత్తు. 115 మొదలు 200 కిలోల వఱకు బరువు అని గ్రంథములు చెప్పుచున్నవి. తెలుపు, బూడిద, లేత గోధుమ వన్నెలు గలవి. కొమ్ములు చిన్నవై నెలవంకవలె వంగియుండును. తోక నేలను తాకునంత పొడవు. వెన్ను ముందునుండి వెనుకకు కొంచెము వాలియుండును. ఈ వాలు సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను; ముందు దీనితో పనియున్నది. పాలు తక్కువ, వెన్న మెండు. కరవు సీమలో ఎండుగడ్డి తిని నిలువగల యావు గనుకనే మన పెద్దలు దీనిని పెంచిరి గాని, ముచ్చటకు కాదు.

నడుమ సంకరజాతి యావులు వచ్చి ఈ జాతిని దాదాపు మాపివేసినవి. పలమనేరులోని పశుపరిశోధనా స్థానమువారు కొంత మందను నిలిపియుంచిరి. 2020లో రాష్ట్ర ప్రభుత్వము ‘మిషన్ పుంగనూరు’ అను పేర 69 కోట్ల రూపాయలకు పైగా మంజూరు చేసి, గర్భము వెలుపల పిండములను ఏర్పఱచి వేఱు ఆవులలో నిలుపు పద్ధతిని అచ్చట ఆరంభించినది. 2024వ సంవత్సరము సంక్రాంతినాడు ప్రధానమంత్రి నరేంద్ర మోదీగారు ఢిల్లీలోని తమ నివాసమున పుంగనూరు ఆవులకు మేత పెట్టుచున్న చిత్రములు పత్రికలలో వచ్చినవి. అంతకు ముందే ఉన్న మోజు అటుపిమ్మట ఇనుమడించినది. మూడవ అంతస్తులో కాపురమున్నవారును పొట్టి యావు కావలెనని అడుగుచున్నారట. ఆ యావు ఎదకు వచ్చినపుడు ఏమి చేయుదురో, పేడ నెక్కడ పోయుదురో వారికే తెలియవలెను.

ఎక్కడ మోజు పుట్టునో అక్కడ కొలత ధనముగా మాఱును. మామూలు ఆవును కొనునపుడు పాలెన్ని, ఈతలెన్ని, పొదుగెట్లున్నది అని అడుగుదుము. పొట్టి యావును కొనువారు అంగుళములెన్ని అనియే అడుగుచున్నారు. మేము విన్న బేరములలో ఒక్క యంగుళము తగ్గినచో వెల ఇరువది వేలు పెరిగినది. తగ్గినకొలది వెల పెరుగు సరకు మఱియొకటి బజారులో ఉన్నదేమో మే మెఱుగము.

మా యింట ఈ ప్రసక్తి వచ్చిన కారణము వేఱు. మా యత్తగారి మనుమడు, అనగా మా మఱది కుమారుడు, డెంగీ జ్వరముతో కర్నూలు ఆసుపత్రిలో పదునొకండు దినములు ఉండెను. ఆ దినములలో అత్తగారు శ్రీశైల మల్లన్నకు మ్రొక్కుకొనిరి: బిడ్డ లేచి తిరిగినచో ఇంట గోవును నిలిపి, అది ఈనిన పిమ్మట తొలి వెన్న కాచిన నేతిని కొండకు తెచ్చి దీపము పెట్టింతునని. బిడ్డ లేచెను. అత్తగారు చేతి గాజులు నాలుగు అమ్మి సొమ్ము మూటగట్టిరి. మఱది యింటి పెరడు చిన్నది. పెద్ద యావు నిలువదు. పుంగనూరు ఆవైనచో సరిపోవునని తోడికోడలు తలచినది. ఎవరో చెప్పగా ఒక బేరగాడు కుదిరినాడు. కార్తికమాసమున మేమెల్లరము శ్రీశైలము పోవుచున్నామని తెలిసి, అచ్చటికే తెచ్చి చూపుదునని చెప్పినాడు. ఇది 2023లో జరిగినది.

నల్లమల దాటి కొండకు పోవు త్రోవలో శిఖరేశ్వరము వద్ద బండి నిలిపితిమి. అచ్చటి చిన్న నందిని నువ్వులపై త్రిప్పి, కొమ్ముల నడుమ నుండి ఆలయ శిఖరమును చూచుట వాడుక. పిల్లవాడు అందుకొనలేక యేడ్చెను. జ్వరములో చిక్కి యిసుమంత అయిన వానిని తండ్రి ఎత్తి చూపెను. మఱునాటి యుదయమున దర్శనమైన పిమ్మట ప్రాకారమును చుట్టి వచ్చితిమి. ఆ గోడల రాళ్లపై ఏనుగులు, గుఱ్ఱములు, వేటగాండ్రు వరుసలుగా ఉన్న సంగతి చూచినవారెల్ల రెఱుగుదురు. ఱాతిలోనికి ఎంత ఇముడునో అంతే గుఱ్ఱము. శిల్పి నెవ్వరును అంగుళములు అడుగలేదు.

మేము దిగిన సత్రము పెరటిలో బేరగాడు అప్పటికే వేచియుండెను. మూలనున్న గడ్డికుప్పపై తెల్లని పెయ్య నిలిచియున్నది. కండ్లు పెద్దవి, చెవులు లేతాకులవలె కదలుచున్నవి. పిల్లవాడు పరుగున పోయి దాని మెడను కౌగిలించుకొనెను. “మూడేండ్ల పెయ్యమ్మా. ముప్పై అంగుళాలు. ఇంక పెరగదు. కొలుసుకోండి” అని బేరగాడు టేపు తీసి, పెయ్య తుంటి వద్ద ఆనించి, గడ్డిలోనికి వదలి చూపెను. సరిగా ముప్పది. వెల లక్షా యెనుబది వేలు. అత్తగారు, “దేవుడేమన్నా అంగుళాలు అడిగినాడా నాయనా?” అనిరి. ఐనను కొంగు ముడి విప్పుటకు చేయి పోనిచ్చిరి.

ఇచ్చట కథ నాపి యొక సంగతి చెప్పవలెను. మా యన్నగారి కుమార్తె అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున కాపురమున్నది. ఆ దేశమున మేకపోతంత గుఱ్ఱములను పెంచువారు పెక్కుమంది కలరు. వానికి వంశావళి పట్టికలు, ప్రదర్శనములు, బహుమానములు ఉన్నవి. ఒక ప్రదర్శనమునకు పోయివచ్చి, గుఱ్ఱములకంటె కొలతల తగవులే తనకు వేడుకగా తోచినవని ఆ పిల్ల మాకు విపులముగా వ్రాసినది. ఆ జాబు మాకు శ్రీశైలములో పనికివచ్చినది.

ఇంగ్లీషువారు గుఱ్ఱము నెత్తును ‘హ్యాండు’లలో చెప్పుదురు. అది మన బెత్తెడువంటిదే. ఎవరి బెత్తెడు అను తగవు రాకుండ 4 అంగుళములని స్థిరపఱచిరి. పూలమ్మి మూరకును ఎవరైన అట్టి యేర్పాటు చేసినచో బాగుండును. మూపు వద్ద 148 సెంటీమీటర్లకు మించనిది పోనీ, మించినది గుఱ్ఱము. పొట్టి గుఱ్ఱముల విషయమున అమెరికన్ మినియేచర్ హార్స్ అసోసియేషన్ వారు 34 అంగుళములకు మించినదానిని పట్టికలో చేర్పరు. అమెరికన్ మినియేచర్ హార్స్ రిజిస్ట్రీ అను మఱియొక సంఘమువారు 34 వఱకు ‘ఏ’ తరగతి యనియు, అంతకు పైన 38 వఱకు ‘బి’ తరగతి యనియు రెండుగా విభజించిరి.

ఎక్కడ నుండి కొలువవలెను? అసలు తగవంతయు ఇచ్చటనే. లోకమున తక్కిన గుఱ్ఱములను మూపు మీది యెత్తైన చోట కొలుతురు. ఎముక గల చోటు గనుక అది మాఱదు. ఈ పొట్టి గుఱ్ఱములవారు మాత్రము మెడమీది జూలులో చివరి వెండ్రుకలు ఎచ్చట ముగియునో అచ్చట కొలుచు నాచారము పెట్టుకొనిరి. ఆ చోటు మూపుకంటె వెనుకగా, పల్లముగా నుండును. అందుచేత అదే గుఱ్ఱము ఈ కొలతలో కొంత పొట్టిదగును. పైగా వెండ్రుక యనునది ఒక్కొక్క గుఱ్ఱమునకు ఒక్కొక్క చోట ముగియును. ఎముకను విడిచి వెండ్రుకను పట్టుకొనుట మాకు తెలివైన పనిగా తోచలేదు. ఆ సంఘములలోనే దీనిని మార్పవలెనని వాదించినవారు కలరు.

కొలుచు విధానము మాత్రము మెచ్చదగినది. నేల గట్టిగా, మట్టముగా నుండవలెను. గుఱ్ఱము నాలుగు కాళ్లను నిటారుగా నిలుపవలెను. కాళ్లు చాపినను, ముడిచినను కొలత చెల్లదు. తల మామూలుగా ఎత్తియుండవలెను. నిలువు కఱ్ఱకు అడ్డముగా జరుగు బద్ద యొకటి, దానిపై రసమట్టము. బుడగ నడుమకు వచ్చినపుడే అంకెను చదువవలెను. టేపుతో కొలిచినచో అది ఒంటి వంపును పట్టి పోవును గనుక దానిని నమ్మరు. ఇన్ని కట్టుబాట్లు ఊరక రాలేదు. కఱ్ఱ తగులగానే వెన్ను వంచి క్రుంగునట్లు గుఱ్ఱమునకు నేర్పువారు, గిట్టలను మితిమీఱి చెక్కువారు ఉండుటచేతనే వచ్చినవి. బ్రిటనులో పోనీలను కొలుచుటకు ప్రత్యేకముగా ఒక మండలియే కలదు. నియమితులైన పశువైద్యులు లాడములు లేని కాళ్లతో నిలిపి కొలిచి పత్రమిత్తురు.

వీటన్నిటికంటె మాకు ముఖ్యముగా కనబడినది వయస్సు నియమము. అమెరికా ప్రదర్శనములలో పాలు మాన్పిన పిల్లకు 30 అంగుళములు, ఏడాది పిల్లకు 32, రెండేండ్లదానికి 33, మూడేండ్లు దాటినదానికి 34 హద్దు. వయస్సు చెప్పని యెత్తు ఎత్తే కాదని దీని యర్థము.

ఇక సత్రమునకు వత్తము. అత్తగారి చేయి కొంగుముడిపై నుండగానే మేము అడ్డుపడి, పెయ్యను గడ్డికుప్ప నుండి దించి బండపఱుపు మీదికి తెమ్మంటిమి. బేరగాడు, కాళ్లు జాఱునమ్మా యని సణిగెను. సత్రము ప్రహరీ కట్టుచున్న తాపీమేస్త్రిని బ్రతిమాలి మూలమట్టమును, రసమట్టమును ఎరువు తెచ్చుకొంటిమి. ఆతడే ముచ్చటపడి వచ్చి కొలిచెను. నిటారు బద్దను బండమీద నిలిపి, మూపురము వెనుక మూపు వద్ద అడ్డబద్ద నానించి, బుడగ కుదిరినదాక ఓపిక పట్టెను. మూపురమున్న పశువును మూపురము మీద కొలువరాదు, తుంటి మీదను కొలువరాదు. మూపురము వెనుకనే కొలువవలెను. పుంగనూరు పశువునకు వెన్ను వెనుకకు వాలియుండునని పైన చెప్పితిమి గదా. బేరగాడు టేపును తుంటి వద్ద ఏల పెట్టెనో, గడ్డి మీద ఏల నిలిపెనో ఇప్పుడు చదువరులకు తెలిసియుండును. కొలత ముప్పది మూడున్నర యంగుళములు వచ్చినది.

“మూడంగుళాలకేం లెండి” అని తోడికోడలు సర్దుకొనబోయినది. ఆమె కన్ను పిల్లవానిమీద నున్నది. వాడు పెయ్య మెడను విడువలేదు. అంతలో సత్రము వాకిలి యూడ్చు ముసలామె చీపురు ప్రక్కన బెట్టి వచ్చి, మాటాడక పెయ్య క్రింది పెదవిని లాగి చూచినది. “అన్నీ పాలపండ్లే. మూడేండ్లట, మూడేండ్లు!” అని మరల చీపురు పట్టుకొని పోయినది.

పశువునకు పై దవడను ముందుపండ్లు లేవు. క్రింది దవడను ఎనిమిది. రెండేండ్లు దాటునప్పటికి నడిమి పాలపండ్లు రెండును రాలి పెద్దపండ్లు వచ్చును. తరువాత ఏటేట జంటజంటగా మాఱును. అందుకే మన పల్లెలలో రెండు పండ్ల యెద్దు, నాలుగు పండ్ల యెద్దు, కడపండ్ల యెద్దు అందురు. ఈ పెయ్యకు ఒక్క పెద్దపన్ను లేదు. అనగా రెండేండ్లైనను నిండలేదు, ఇంకను పెరుగును. అప్పుడు మేము దానిని మఱల చూచితిమి. తెల్లని చర్మము క్రింద ప్రక్కటెముకలు లెక్కింపదగి యున్నవి. మెడకు పలుపు ఒరసిన గాయము. పెరుగకుండుటకై దానికి కడుపునిండ మేత పెట్టుటలేదు.

ఇది వినుటకు క్రూరముగా నున్నది గాని అసాధ్యమైన మాట కాదు. అంగుళమునకు ఇరువది వేలు పలుకు చోట ఒక గడ్డిమోపు మిగిల్చుకొనుట రెండు విధముల లాభము. పోషణ తక్కువైన పెయ్య కటిభాగము సరిగా విచ్చుకొనదు. అది చూలైనపుడు ఈనలేక తల్లియు దూడయు పోవు ప్రమాదము కలదు. అత్తగారి మ్రొక్కు ఈతతో ముడిపడి యున్నది. మేము ఆ మాట చెప్పగా ఆమె ముఖము వాడినది.

బేరగాడు మాటలు మార్చెను. లక్షన్నర, లక్ష, ఎనుబది వేలు. మఱది కోపించి పొమ్మనెను. వాడు పలుపు పట్టి లాగగా పెయ్య రెండడుగులు వేసి నిలిచినది. పిల్లవాని ఏడ్పు చెప్పనలవి కాదు. తోడికోడలు, ఇట్టివానికి రూపాయి ఇచ్చినను వాని వ్యాపారమును పెంచినట్లే యనినది. అది నిజమే. మేమును అదే యనుకొంటిమి. అత్తగారు మాత్రము మధ్యాహ్నమంతయు భోజనము చేయక సత్రము అరుగుపై కూర్చుండిరి. చీకటి పడునప్పటికి వాడు తిరిగి వచ్చెను. కొండమీద వేఱు బేరము తగిలినట్లు లేదు. మామూలు నాటు పెయ్య వెలకు, ఇరువది రెండు వేలకు, బేరము తెగినది. సొమ్ము లెక్కపెట్టుచుండగా మేము ఏమో అనబోయితిమి. అత్తగారు, “వాని సంగతి తర్వాత. ముందు దానికి కుడితి పెట్టండి” అనిరి. మిగిలిన సొమ్ములో కొంత మఱునాడు దేవస్థానమువారి గోసంరక్షణకై కట్టివచ్చిరి.

పొట్టితనమే జాతికి తప్పని మా యభిప్రాయము కాదు. కేరళలో వైకము దగ్గఱి వేచూరు గ్రామము పేర ఒక పొట్టి జాతి కలదు. అదియు మాసిపోవుచుండగా మణ్ణుత్తి వ్యవసాయ విశ్వవిద్యాలయమున ఆచార్యిణిగా నుండిన సోసమ్మ ఐపుగారు 1989 మొదలు తమ విద్యార్థులతో ఊరూర తిరిగి, మిగిలిన కొద్ది ఆవులను కూర్చి జాతిని నిలిపిరి. 2022లో ఆమెకు పద్మశ్రీ బిరుదమిచ్చిరి. ఒక స్త్రీ పూనిక వలన నిలిచిన జాతి యిది. ఆ జాతిలోనిదే మాణిక్యమను ఆవు 2014లో 61.1 సెంటీమీటర్ల ఎత్తుతో లోకమున మిక్కిలి పొట్టి యావుగా గిన్నిస్ గ్రంథమున కెక్కినది. దానిని గిట్ట నుండి మూపువఱకు కొలిచిరి. పిమ్మట బంగ్లాదేశములో ఢాకా దగ్గఱి రాణియను ఆవు 50.8 సెంటీమీటర్లు ఉండెను. కరోనా దినములలో సైతము వేలకొలది జనులు దానిని చూడబోయిరి. అది 2021 ఆగస్టులో మరణించినది. ఎదుగుదల నాపు మందులేవియు ఇవ్వలేదని శవపరీక్ష వలన తేలిన పిమ్మటనే గిన్నిస్ వారు దాని పేరు చేర్చిరి. గుఱ్ఱములలో థంబెలీనా యను అమెరికా గుఱ్ఱము 44.5 సెంటీమీటర్లు, మన మూరకు అర యంగుళము తక్కువ. అది మఱుగుజ్జు. మఱుగుజ్జుతనమును కలిగించు జన్యుదోషములను శాస్త్రజ్ఞులు కనిపెట్టి, రక్తపరీక్ష వంటి పరీక్షలతో ముందే తెలిసికొను వీలు కల్పించిరి. పైన చెప్పిన సంఘమువారు మఱుగుజ్జు గుఱ్ఱములను పట్టికలో చేర్పరు. పొట్టిజాతి వేఱు, మఱుగుజ్జు వేఱు, ఆకటిచే గిడసబాఱినది వేఱు. కొలబద్దకు ఈ మూడును ఒక్కటే.

కొనదలచిన సోదరీమణులు ఎవరైన ఉన్నచో మా మాట యిది: పశువును బండమీద నిలిపింపుడు, టేపును కాక మూలమట్టమును తీసికొనిపొండు, మూపురము వెనుక కొలువుడు. పన్ను చూడక మాత్రము కొంగుముడి విప్పకుడు. తల్లి దగ్గఱనున్నచో తల్లిని కొలిచి చూచుట ఇంకను మేలు. పశువైద్యుడు వెంటనున్నచో చెప్పనక్కఱలేదు.

మా పెయ్యకు గౌరి యని పేరు పెట్టిరి. మఱది యింటి పెరటి వాకిలి ద్వారబంధముపై పిల్లవాని యెత్తునకు ప్రతి సంక్రాంతికిని బొగ్గుతో గీత పెట్టు నలవాటు కలదు. ఇప్పుడు రెండవ ప్రక్క గౌరికిని పెట్టుచున్నారు. కుడితియు, జొన్నచొప్పయు, వేరుసెనగ చెక్కయు తిని అది తొలి ఉగాదికే 36 అంగుళములు దాటినది. 2024 శ్రావణమాసమున నడిమి పండ్లు రెండును వచ్చినవి. పిల్లవాడు తనకును అప్పుడే పండ్లు ఊడుటచేత ఊరంతయు చెప్పి వచ్చెను. 2025 సంక్రాంతికి 40. అటుపిమ్మట పెట్టిన గీత 41 వద్ద నిలిచినది. పుంగనూరు జాతియా కాదా యని తోడికోడలిని ఇరుగుపొరుగువారు అడుగుదురు. ఇప్పుడది ఏడవ నెల చూలుతో నున్నది. పశువైద్యుడు చూచి కటి విశాలముగానే యున్నదని చెప్పినాడు. జున్ను పిల్లలకట, నేయి మల్లన్నకట. అత్తగారు అటకమీది కంచుచెంబును దింపించి చింతపండుతో తోమించి, మూతకు గుడ్డ కట్టి దేవుని గూటిలో ఉంచినారు.